మా తాత ‘బేగి’ అన్నాడు, అయితే ఏటి?

పాత గ్రంథాల్ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా ఎక్కించే నియమాలు రాసిన మహారాజశ్రీ టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఇనిషియేటివ్ వారికి, అనగా టీఈఐ గారికి,

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర డీటీపీ షాపు పెట్టుకుని బతుకుతున్నవాడు నమస్కరించి రాయునది ఏమనగా: ఇక్కడ అందరం క్షేమం. అక్కడ తమరు కూడా ట్యాగులనే గుర్తులన్నీ మూసుకుని, తప్పు చూపే ఎర్ర గీతలేమీ లేకుండా సుఖంగా ఉన్నారని తలుస్తాను.

మన పరిచయం మూఢంలో జరిగింది. మూఢంలో పెళ్లిళ్లుండవు, పెళ్లిళ్లు లేకపోతే శుభలేఖలుండవు, శుభలేఖలు లేకపోతే నా షాపులో ఫ్యాను తప్ప తిరిగేదేదీ ఉండదు. అలాంటి రోజుల్లో ఒక ప్రాజెక్టు సారు ఫోన్ చేశారు. పాత రాతప్రతుల్ని కంప్యూటర్లోకి ఎక్కించాలట. స్కాన్ చేసి పెన్ డ్రైవ్‌లో ఇచ్చేస్తాను సార్, రెండ్రోజుల పని అన్నాను.

“అది ఫొటోనయ్యా. ఫొటోలో పద్యమేదో, వచనమేదో, ఎవరు మాట్లాడుతున్నారో కంప్యూటర్‌కి తెలీదు. టీఈఐ ట్యాగులతో మనం చెప్పాలి. ఇంతకీ మీ వైపు పాతవేమైనా దొరుకుతాయా?”

మా అమ్మ ట్రంకుపెట్టెలో మా తాత రాసుకున్న తూర్పు భాగోతం పుస్తకం ఉందని నోరు జారాను. మా తాతది రామతీర్థం పక్క ఊరు. సత్యభామ వేషం కట్టేవాడు. ఆ జడ ఇప్పటికీ మా మేనమామ ఇంట్లో అటక మీద ఉంది, ఎలకలకి పనికొస్తోంది.

తమరి జాతకం ఆ తర్వాత చదువుకున్నాను. 1987 నవంబరులో అమెరికాలో పకీప్సీ అనే ఊళ్లో, వాసర్ కాలేజీలో పండితులు సమావేశమై తమరికి బీజం వేశారట. అప్పటికి ఒక్కొక్కరు ఒక్కో తీరున కావ్యాల్ని కంప్యూటర్లో పెట్టుకుంటే ఒకరి ఫైలు ఇంకొకరికి తెరుచుకునేది కాదట. ఆ బాధ నాకు తెలుసు. నేను పాత ఫాంటులో కొట్టిన శుభలేఖని పక్క షాపువాడు తెరిస్తే పెళ్లికూతురి పేరు బదులు పురుగులు కనిపించేవి. 1990లో తమరి తొలి చిత్తుప్రతి, 1994లో పి3 అనే పెద్ద గ్రంథం, 2002లో ఎస్‌జీఎంఎల్ అనే పాత ట్యాగుల భాషతో పాటు ఎక్స్‌ఎంఎల్ అనే కొత్తదీ కట్టడం, 2007లో పి5. ఇప్పుడు తమ సంచిలో ట్యాగులు ఐదొందలకు పైనే. మా వీధి కిరాణా కొట్లో అన్ని సరుకులు లేవు.

మొదట తమరంటే నాకేమీ జంకు కలగలేదు. శుభలేఖలు కొట్టేవాడికి మార్కప్, అంటే ఏ ముక్క ఏమిటో గుర్తు పెట్టడం, కొత్తా? పైన శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు, కింద దేవుడి బొమ్మ, ఎడమ చి.ల.సౌ., కుడి చి., మధ్యలో సుముహూర్తం, విందు, ఆఖర్న బంధుమిత్రుల అభినందనలతో. ఎవరెక్కడుండాలో ముందే రాసిపెట్టి ఉంది. తాతల పేర్ల వరస తప్పితే పెళ్లివాళ్లు కార్డులు తిప్పికొడతారు. తమరు వ్యాలిడేషన్ అనే నియమాల తనిఖీ అదే. తమరి హెడర్ చూసి ఇదీ శుభలేఖ పైభాగమే కదా అనుకున్నాను. శీర్షిక, ఎవరు ప్రచురిస్తున్నారు, మూలం ఏది. ఈ మూడూ లేకపోతే తమరు గడప దాటనివ్వరు. మంచిదే.

తగువు పద్యం దగ్గర మొదలైంది.

పద్యాన్ని ‘ఎల్‌జీ’ అనే ట్యాగులో పెట్టమన్నారు. లైన్ గ్రూపట. మా అమ్మ స్క్రీన్ వైపు చూసి, “ఇంగవ డబ్బా బొమ్మేస్తున్నావేటి?” అంది. ఒక్కో పాదాన్ని ‘ఎల్’లో పెట్టాలి. తెరిచినదాన్ని మూయాలి, లోపల తెరిచింది లోపలే మూయాలి, ఒకటి ఇంకొకదాని గోడ దాటకూడదు. ఎందుకంటే తమరిది చెట్టు. వేరు పైన, కొమ్మలు కింద. ఊర్ధ్వమూలమైన అశ్వత్థం గురించి పురాణ కాలక్షేపంలో విన్నాను గానీ దానికి జీతానికి నీళ్లు పోస్తానని అనుకోలేదు. చెట్టంటే మాకు భయం లేదు, ఏటేటా సిరిమాను ఊరేగించే ఊరు మాది. కానీ తెలుగు పద్యం చెట్టు కాదు బాబూ, తీగ. పాదం చివర మాట ఆగదు. ఉత్పలమాలలో ఇరవయ్యో అక్షరం దగ్గర పాదం అయిపోతుంది, మాట మాత్రం కిందికి జారి తర్వాతి పాదంలోకి వెళ్లిపోతుంది. చదివేవాడు ఊపిరి పట్టి లాక్కుపోతాడు, మద్దెల వాయించేవాడు చూసుకుంటాడు.

మా తాత పద్యం ఒకటి చూడండి. రెండో పాదం చివర ‘రామతీ’ అని ఉంది. మూడో పాదం ‘ర్థము’తో మొదలవుతుంది. రామతీర్థం మొత్తాన్ని ఒక మాటగా గుర్తు పెడదామని మాట ట్యాగు రెండో పాదంలో తెరిచి మూడో పాదంలో మూశాను. వెంటనే ఎర్ర గీత. గోడ దాటావంది. దీనికి తమరు చూపిన మార్గం ఏమిటి? మాటని రెండు ముక్కలు చేసి, ఒకదానికి ‘మొదటి ముక్క’, ఇంకోదానికి ‘చివరి ముక్క’ అని పార్ట్ లక్షణం తగిలించమన్నారు. బోడికొండ కింద రాముడున్న ఊరిని గోడకి అటో ముక్కా ఇటో ముక్కా చేసి చీటీలు కట్టాను. అమ్మకి చెప్పలేదు.

లేదంటే పాదాన్ని వదిలేసి మాటని కాపాడి, పాదం తెగేచోట చిన్న ఖాళీ గుర్తు పెట్టొచ్చన్నారు. మైలురాయి లాంటిది, తెరవడం మూయడం ఉండదు. ఇది కాస్త బాగుంది. కానీ అప్పుడు పద్యం పద్యంలా ఉండదు, మధ్యలో రాళ్లు పాతిన వచనంలా ఉంటుంది. ఏది పోగొట్టుకోవాలో నన్నే తేల్చుకోమన్నారు. యతి ప్రాసల సంగతి అడగనే లేదు, తమరికి పని పెంచడం నా ఉద్దేశం కాదు.

మద్దెల సంగతి ఇంకోటి. భాగోతంలో సత్యభామ పాడి ఆగితే మద్దెల జవాబు చెబుతుంది. తాత పుస్తకంలో సత్యభామ, చెలికత్తె అని రాసినట్టే ‘మద్దెల’ అని కూడా రాసి, పక్కన జతులు రాశాడు. ఇది మాట్లాడే పాత్రా, రంగస్థల సూచనా? సారుని అడిగితే “మద్దెల మాట్లాడదు కదయ్యా” అన్నారు. ఆయన ఒక్క రాత్రి మా ఊరి భాగోతం చూసి ఉంటే అలా అనరు. నేను పాత్రగానే పెట్టాను.

చెదలు తిన్నచోట గ్యాప్ అన్నారు, ఎన్ని పంక్తులు పోయాయో, ఎందుకు పోయాయో రాయమన్నారు. చదవలేకపోతే ‘అన్‌క్లియర్’ అని చెప్పమన్నారు, పాడైపోతే పాడుచేసినది ఏదో చెప్పమన్నారు. బూజు, పొగ, రాపిడి లాంటివి తమ ఉదాహరణలు. పద్నాలుగో పేజీ మీద పసుపు మరక చూపించి అమ్మని అడిగాను. “అది పులుసు. మీ అమ్మమ్మతో తగువైపోయి కంచం ఇసిరేసినాడు.” ఏజెంట్ అన్నచోట ‘పులుసు’ అని రాశాను. తమరు కిక్కురుమనలేదు. ఇక్కడ తమరికి దణ్ణం పెడతాను. కనిపించనిదాన్ని కనిపించలేదు అని రాయడానికి చోటు పెట్టినవాళ్లని నేను మొదటిసారి చూశాను. మా అచ్చాఫీసుల్లో తెలియనిచోట తోచింది కొట్టేసి నిశ్చింతగా నిద్రపోతాం.

ఇప్పుడు అసలు ఫిర్యాదుకి వస్తాను.

సత్యభామ చెలికత్తెతో “బేగి పోయి రాయే” అంటుంది. ప్రాజెక్టు సారు పంపిన సూచనల కాగితంలో ఇలా ఉంది: మాండలిక రూపాలన్నిటినీ ‘సిక్’లో పెట్టి, పక్కన ‘కర్’లో శిష్టరూపం ఇవ్వవలెను. అంటే ఎడమ చెయ్యి తప్పు, కుడి చెయ్యి ఒప్పు. బేగి తప్పు, వేగముగా ఒప్పు. ఏటి తప్పు, ఏమిటి ఒప్పు. కూకో తప్పు, కూర్చుండుము ఒప్పు. సత్యభామ అలక మీదుండి “వేగముగా పోయి రమ్ము” అంటే చెలికత్తె కదులుతుందా? ఆవిడ కూడా కూర్చుండును.

ఏ జిల్లాలో కూర్చుని నన్ను ఈ పని చెయ్యమంటున్నారో తమరికి తెలియదు కాబట్టి చెబుతాను. మాకు ఉత్తరాన శ్రీకాకుళం వైపు, ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో గిడుగు రామమూర్తి గారు పుట్టారు. నోట్లో ఉన్న తెలుగే పుస్తకంలో ఉండాలని పండితులతో జీవితమంతా పోట్లాడారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29కి ఇప్పుడు అందరూ దండలు వేస్తారు. గురజాడ అప్పారావు గారు మా ఊరివారే. కన్యాశుల్కం 1892లో ఇక్కడే ఆడారు, 1897లో అచ్చు వేశారు, 1909లో పెంచి తిరగరాశారు. అందులో ఒక్కొక్కరు ఒక్కో తెలుగు మాట్లాడతారు. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఆయన అసమ్మతి పత్రం రాసింది కూడా ఈ గ్రాంథికం గొడవ మీదే. అది తీరిపోయిందనుకున్నాం. నూరేళ్ల తర్వాత చేప నోరు తెరిచినట్టుండే రెండు బ్రాకెట్ల మధ్య కూర్చుని మళ్లీ వచ్చింది.

(గిరీశం ఇంగ్లీషుని తమరైతే ‘ఫారిన్’ ట్యాగులో పెట్టమంటారు. ఆ మాట వింటే ఆయన చుట్ట వెలిగించుకుని తమరికి కన్సల్టెంటుగా చేరిపోయేవాడు.)

తమరికి అన్యాయం చెయ్యను. తమ గ్రంథం తిరగేస్తే తెలిసింది, తప్పుకి సిక్ వేరు, వాడుక వేరైనదానికి ‘ఒరిగ్’, ‘రెగ్’ అని ఇంకో జంట వేరు. బేగి ఒరిగ్, వేగంగా రెగ్. వెతుక్కునేవాడు ఏ మాట కొట్టినా సత్యభామ దొరుకుతుంది, తాత రాసింది తాత రాసినట్టే ఉంటుంది. అది నాకూ సమ్మతమే. కానీ పేర్లు చూశారా? ఒకటి ఒరిజినల్, ఇంకోటి రెగ్యులర్. శ్రీకాకుళం బస్సులో కూర్చున్న ఎవరినైనా అడగండి, రెగ్యులర్ ఏదో చెబుతారు. సారుకి ఈ తేడా వివరించబోతే, “అంత సూక్ష్మం వద్దయ్యా, అన్నీ సిక్‌లో పడేయ్, సిస్టమ్ ఒప్పుకుంటుంది” అన్నారు. తమరు ఒప్పుకుంటారు కూడా. బ్రాకెట్ మూసుంటే చాలు, లోపల ఎవరి నోరు మూశారో తమరు చూడరు.

అప్పుడు తమ పెట్టెలోనే నాకొక ఆయుధం దొరికింది. ‘రెస్ప్’. ఈ దిద్దుబాటు ఎవరి బాధ్యత అని రాసే లక్షణం. చెప్పిన పని చెప్పినట్టే చేశాను. బేగిని సిక్‌లో పెట్టాను, వేగముగా అని దిద్దాను, దిద్దినది ఫలానా సారు అని ఆయన ఇంటిపేరుతో సహా రాశాను. ఏటి దగ్గర రాశాను, కూకో దగ్గర రాశాను. మొత్తం నూట పన్నెండు చోట్ల ఆయనే. పంపిన మర్నాడు పొద్దున్నే ఫోన్.

“నా పేరెందుకయ్యా అన్నిచోట్లా?”

“దిద్దింది తమరే కదండీ.”

“నేను మార్గదర్శకాలు ఇచ్చానంతే...”

“మరైతే ఎవరిది వెయ్యమంటారు సార్? తాతది వేద్దామంటే ఆయన దిద్దలేదు.”

కాసేపు ఫ్యాను చప్పుడు. తర్వాత, “సరే, ఒరిగ్, రెగ్ చేసెయ్. నా పేరు తీసెయ్” అన్నారు. నూట పన్నెండు చోట్లా మార్చడానికి ఒక రాత్రి పట్టింది. ఆ రాత్రికి డబ్బులు ఇవ్వలేదు, అడగలేదు.

పని అయిపోవచ్చింది, పద్నాలుగో పేజీ అంచున ఒక్కటి మిగిలింది. పద్యానికి అడ్డంగా పెన్సిలుతో ‘బెల్లం 4 రూ. 6 అ. బాకీ’ అని ఉంది. ఇది సాహిత్యం కాదు, వదిలెయ్యమన్నారు సారు. అంచున చేర్చినది అని తమ ట్యాగు ఉంది కాబట్టి పెట్టేశాను. అమ్మ అది చదివించుకుని చివ్వున లేచింది.

“బాకీ ఉండిపోయిందని రాసినావేటి? మా నాన్న అప్పు ఉంచుకునే మనిషి కాదు. సంకురాత్రికి ముందే తీర్చేసినాడు. నానే పట్టుకెళ్లి ఇచ్చినాను, ఫ్రాకు జేబులో ఏసుకుని. కొట్టు సావుకారు పిడికెడు పుట్నాలు కూడా పెట్టినాడు.”

“అయితే నోట్ రాస్తాను. ఎవరు చెప్పారని రాయాలి అందులో.”

“నాను సెప్పినానని రాయి. ఎవల్కి భయం?”

హెడర్లోకి వెళ్లి మనుషుల జాబితాలో అమ్మని చేర్చాను. ఐడీ ఇంగ్లీషులోనే ఉండాలేమోనని ఒక క్షణం ఆగి, తెలుగులోనే కొట్టి చూశాను. కిందికి వచ్చి నోట్ తెరిచి, బాకీ సంక్రాంతికి ముందే తీరింది అని రాసి, రెస్ప్ దగ్గర హ్యాష్ గుర్తు పెట్టి పక్కన ‘అమ్మ’ అని రాసి, వ్యాలిడేట్ నొక్కాను. అమ్మ కళ్లజోడు సర్దుకుని నా భుజం మీంచి వంగి చూస్తోంది. ఎర్ర గీత రాలేదు.

ఇట్లు,
తమ విధేయుడు,
మూడు లాంతర్లు, విజయనగరం