365 రోజులూ సీజనేనట! శ్రీలంక ఫార్వర్డ్‌కి నా జవాబు

మళ్ళీ వచ్చింది ఆ మెసేజ్. మొన్న అపార్ట్‌మెంట్ గ్రూప్‌లో, నిన్న స్కూల్ ఫ్రెండ్స్ గ్రూప్‌లో, ఇవాళ మా పిన్ని విడిగా నాకే పంపి "చూడరా, మే నెలలో పోదామా" అంది. "శ్రీలంక ప్రకృతి అద్భుతాలు, 365 రోజులూ సీజనే, పది మందికి పంపండి" అని పైన నాలుగు పువ్వుల బొమ్మలు. పువ్వులు పెడితే ఎవరూ ఎదురు అడగరు కదా, అదీ ధైర్యం.

సరే, ఒక్కొక్కటీ చూద్దాం.

"రామసేతు మీద తలైమన్నార్ నుంచి ధనుష్కోటికి నడిచి రావచ్చు." రాలేరు. అక్కడున్నవి ముక్కలు ముక్కలుగా ఇసుక దిబ్బలు, మధ్యలో సముద్రం, ఆ సముద్రంలో రెండు దేశాల సరిహద్దు. నేవీ వాళ్ళు ఎదురొచ్చి మజ్జిగ ఇస్తారనుకుంటే బయల్దేరండి.

"సిగిరియ రావణుడి కోట, పైకెక్కి రావణా అని అరిస్తే తిరిగి వినిపిస్తుంది." ఆ కోట కాశ్యపుడిది, 5వ శతాబ్దం. తండ్రిని చంపి గద్దెనెక్కి, తమ్ముడు ఎప్పుడొచ్చి మీద పడతాడో అని భయపడి బండ మీద కాపురం పెట్టాడు, ఆ కథకేం తక్కువైందని రావణుణ్ణి లాక్కొచ్చారో. అది పోనీ. అరవడం మాత్రం వద్దు. ఆ బండకి తేనెటీగల తుట్టెలుంటాయి, శబ్దం చెయ్యొద్దని బోర్డులు పెట్టారు, అవి లేస్తే జనం దూరడానికి రాతితో చేసిన పెద్ద సింహం పంజాల దగ్గర జాలీ గది కూడా కట్టారు. మీరు అరిస్తే జవాబిచ్చేది రావణుడు కాదు.

"వరల్డ్స్ ఎండ్‌లో సూర్యాస్తమయం చూసి తీరాలి." అది కొండ మీది హార్టన్ ప్లెయిన్స్ పార్కులో లోయ అంచు, అక్కడ పొద్దున తొమ్మిది పది దాటితే చాలాసార్లు మంచు కమ్మేస్తుంది, 870 మీటర్ల లోయ ఉండాల్సిన చోట తెల్ల గోడ కనిపిస్తుంది. అందుకే అందరూ దగ్గర్లోని కొండ ఊరు నువర ఎలియ నుంచి తెల్లారకముందే బయల్దేరతారు. సాయంత్రం పోతే గేటు దగ్గరే వెనక్కి పంపుతారు, అదీ మంచిదే.

ఇప్పుడు అసలు దానికొద్దాం. ఇది చదివాకే నాకు ఒళ్ళు మండింది: "దేశంలోకెల్లా ఎత్తైన రావణ జలపాతంలో సీతమ్మ స్నానమాడింది, మీరూ అక్కడే మునగండి. దియలుమ పైకెక్కి అంచున కూర్చుని ఫోటో దిగండి. జులై, ఆగస్టుల్లో నీళ్ళు పొంగుతుంటాయి."

ఎత్తైనది రావణ కాదు, బంబరకంద, 263 మీటర్లు. దియలుమ ఇంకో జలపాతం, 220. రావణ సుమారు 25 మీటర్లు, ఎల్ల నుంచి వెల్లవాయ పోయే రోడ్డు పక్కనే ఉంటుంది, బస్సు కిటికీలోంచి చూడొచ్చు. రోడ్డు పక్కన ఉండటమే దాని ప్రమాదం కూడా, అందరికీ ఇంటి పెరట్లో కుళాయిలా అనిపిస్తుంది. బండలు నాచు పట్టి నున్నగా ఉంటాయి, నీళ్ళు పడీ పడీ కింద గుంటలు పడతాయి, ఎంత లోతో పైనుంచి తెలీదు, కొండ మీదెక్కడో వాన పడితే ఇక్కడ ఎండ కాస్తుండగానే నీళ్ళు పెరిగిపోతాయి. అక్కడ స్నానానికి దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. మన కుంటాల దగ్గర ఎన్నిసార్లు విన్నాం ఇలాంటి వార్తలు, బొగత దగ్గర వరదొస్తే జనాన్ని ఎందుకు ఆపేస్తున్నారు? అవన్నీ మర్చిపోయి పక్క దేశానికి పోయి మునగమంటున్నాడు, పైగా సీతమ్మ పేరు చెప్పి. దియలుమ పైన నీళ్ళ గుంటలున్న మాట నిజమే, అంచుకి దూరంగా ఉన్నవాటిలో దిగేవాళ్ళూ ఉన్నారు, కానీ అంచు అంటే 220 మీటర్ల అంచు, ఎవడో డ్రోన్‌తో తీసిన ఫోటో చూసి పిల్లల్ని తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెడతారా?

ఇక ఆ జులై సంగతి. మనకి జూన్‌లో మొదలయ్యే వాన అక్కడా కొండలకి పడమటి వైపు దంచేస్తుంది, అవతల ఎల్ల, బదుళ్ల వైపు మాత్రం ఆ నెలల్లో ఎక్కువగా పొడే. అటు అసలు వాన అక్టోబర్ నుంచి జనవరి దాకా. అంటే వీడు పొంగుతాయన్న నెలలో దియలుమ ధార సన్నబడుతుంది, నిజంగా పొంగే నెలల్లో కొండ చరియలు విరిగిపడే భయం. 2025 నవంబర్ చివర్లో దిత్వా తుఫాను ఆ కొండ జిల్లాలని ఏం చేసిందో చూశాం, ఊళ్ళ మీద మట్టి పడింది, రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. అయినా 365 రోజులూ సీజనే!

దక్షిణ తీరాన మిరిస్సలో తిమింగలాలు చూడటానికీ ఇదే గొడవ. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా అయితే సరే, మే వచ్చేసరికి అటు సముద్రం లేస్తుంది. శ్రీపాద కొండ యాత్ర డిసెంబర్ పున్నమి నుంచి మే పున్నమి దాకా, ఆ తర్వాత 5,500 మెట్లకీ లైట్లుండవు, టీ కొట్లుండవు, గాలీ వానా జలగలూ ఉంటాయి. మిన్నేరియలో ఏనుగుల గుంపులకి మాత్రం జులై నుంచి సెప్టెంబర్ మంచి కాలం, చెరువు ఎండి గడ్డి మొలుస్తుంది కాబట్టి. మెసేజ్‌లో అక్కడేమో డిసెంబర్ అని రాశాడు. ఒక్కచోట కూడా గుడ్డిగానైనా తగల్లేదు.

అన్నాను గానీ, ఒకటి తగిలింది. ఆఖరి పాయింట్, ఎవరూ అంతదాకా చదవరు: "సిగిరియ టికెట్ డాలర్లలో గుంజుతారు, పక్కనున్న పిడురంగల ఎక్కండి." ఇది నిజం, ఒప్పుకోక తప్పదు. పిడురంగల కూడా బండే, చాలా తక్కువ డబ్బుతో అయిపోతుంది, పైగా సిగిరియ మీద నిలబడితే సిగిరియ కనపడదుగా, ఇక్కణ్ణుంచి మొత్తం బండ ఎదురుగా ఉంటుంది.

పిన్నీ, మేలోనే పోవాలంటే తూర్పు తీరాన ట్రింకోమలీ వైపు పెట్టుకుందాం, అటు సముద్రం అప్పుడే బావుంటుంది, దారిలో పిడురంగల ఎక్కొచ్చు. చివర్లో బండల మధ్య చేతులూ కాళ్ళూ ఆనించి పాకాలి, నీ మోకాళ్ళ సంగతి నువ్వే చూసుకో. కింద గుడి ఉంది, బాబాయిని నిక్కర్ వేసుకుని రావద్దని చెప్పు.