టవర్‌కూ వారబందీ పెట్టాలి

సాగర్ కాలువలకు 1967లో నీళ్లొదిలారు. అప్పటినుంచి మా ఎడమ కాలువ కింద తెగని పంచాయితీ ఒక్కటే: మొదట్లోవాళ్లు వరి మీద వరి వేస్తారు, చివరి ఆయకట్టువాళ్లు ఎండిన కాలువలో కూర్చుని పేకాడుకుంటారు. ఇంత అనుభవమున్న జిల్లాకు సెల్ టవర్ పంచాయితీ ఒక లెక్కా?

మా ఇల్లు టవర్‌కు చివరి ఆయకట్టు. రాత్రి ఎనిమిదింటికి డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకుకు ఆనుకుని, ఫోన్ పైకెత్తితే మూడు గీతలొస్తాయి. వీడియో మాత్రం చక్రం తిప్పుకుంటూ కూర్చుంటుంది. గీతలు సిగ్నల్ బలం చెప్తాయిగానీ ఆ టవర్ మీద ఎంతమంది పడ్డారో చెప్పవు. కాలువలో నీళ్లు కనబడితే మన తూముకు ఎక్కినట్టేనా?

విచారిస్తే తేలింది, కాలువ షట్టర్లు ఎత్తి దించే లష్కర్‌లాంటివాడు టవర్‌లోనూ ఒకడున్నాడు. మనిషి కాదు, ప్రోగ్రాం; షెడ్యూలర్ అంటారు. 4జీలో సెకనుకు 1000 సార్లు షట్టర్లు ఎత్తి దించుతాడు. టవర్ వాడే తరంగాల పట్టీ, అంటే బ్యాండ్, 20 మెగాహెర్ట్జ్‌దైతే ప్రతిసారీ దాన్ని 100 ముక్కలు చేసి ఫోన్లకు పంచాలి. ఇంత చేసి ఒక్క చాయ్ అడగడు. అక్కడే నాకు అనుమానమొచ్చింది.

చిక్కేమంటే, టవర్ కిందివాడి ముక్కలో పట్టినంత డేటా నా ముక్కలో పట్టదు. బాగా పారేవాళ్లకే వదిలితే టవర్ లెక్క ఘనంగా ఉంటుంది, నేను ఎండుతాను. అందరికీ సమానంగా డేటా ఇద్దామంటే టైమంతా నాకే పోయి ఊరంతా ఎండుతుంది. పాత వైఫైలో జరిగింది అదే: వంతులు సమానమే, కానీ 1 ఎంబీపీఎస్ ఎద్దుబండి ఒకటి చేరితే 11 ఎంబీపీఎస్ బండ్లన్నీ దాని వెనకే నడిచేవి. అందుకే మన లష్కర్ ఇంకో లెక్క కడతాడు. ఇప్పుడు ఎవరికెంత పారగలదో దాన్ని, ఇప్పటిదాకా వాళ్లకు పారినదానితో భాగిస్తాడు. ఎక్కువ తేలినవాడికే షట్టరెత్తుతాడు. ఎండినకొద్దీ వంతు దగ్గరపడుతుందన్నమాట. దీని పేరు ప్రపోర్షనల్ ఫెయిర్.

న్యాయమే కావొచ్చు. నాకు మాత్రం ఆగలేదు. కాలువ నీళ్లు వంతులేసి వదిలే వారబందీలాగే, సోమ, మంగళ, బుధ టవర్ కింది వీధికి బంద్, మాకు ఆన్. షట్టర్ కాడ రాత్రి కాపలాకు వాడకు ఇద్దరు అని అర్జీ రాశాను. సంతకాలకు తిరుగుతుంటే టవర్ పక్క సందులో ఇల్లు కిరాయికుందని తెలిసింది.

పోయిన నెల మారాం. అర్జీ బీరువాలో భద్రంగా ఉంది. మొదట్లోవాళ్ల బాధలు కూడా ఒకసారి విందామని ఆపాను.