మెట్లు స్క్రీన్ మీదే, స్పీకర్‌లో కాదు

డిజిటల్ రికార్డింగ్ మీద ఒక వ్యాసం చదివా. సౌండ్ ఇంజనీరింగ్ చదవనివాళ్లు రికార్డింగ్ గురించి మాట్లాడొద్దన్నారు ఆ వ్యాసకర్త. సరే సార్. మరి డిజిటల్ శబ్దం మెట్లు మెట్లుగా ఉంటుందనీ, 44.1 కిలోహెర్ట్జ్‌లో, అంటే శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి రాసుకుంటే, డోలు దెబ్బ సగం పోతుందనీ మీరే ఎలా రాశారు? స్క్రీన్ మీద జూమ్ చేస్తే మెట్లు కనిపించొచ్చు. స్పీకర్‌కు పోయేది ఆ బొమ్మ కాదు. అనలాగ్‌గా మార్చే చిప్, దాంతో ఉండే ఫిల్టర్ కలిసి ఆ కొలతల చుక్కల నుంచి నున్నటి తరంగాన్నే తిరిగి ఇస్తాయి. సెకనుకు 44,100 శాంపిల్స్ (కొలతలు) తీస్తే 20 కిలోహెర్ట్జ్ దాకా, అంటే మనిషి చెవికి వినిపించే పై హద్దు దాకా, ఏదీ పోదు. అమెరికా గణితవేత్త క్లాడ్ షానన్ 1949లోనే ఈ లెక్క రాసిపెట్టారు. నా వయసు చెవికి 14 కిలోహెర్ట్జ్ వినిపిస్తే గొప్ప!

24 బిట్ మాత్రం, అంటే ఒక్కో కొలతను 24 బిట్లలో మరింత సన్నగా రాసుకోవడం, నిజంగా పనికొస్తుంది, ఎందుకో చెప్తా. పోయినేడు హన్మకొండ దగ్గర ఒగ్గు కథ రికార్డ్ చేస్తుంటే, డిగ్రీ ఉన్న ఒకాయన కథకుడి మెల్లటి గొంతు చూసి రికార్డింగ్ లెవెల్‌ను మీటర్‌లో ఎర్రగీత అంచుదాకా పెంచారు. పెళ్లిళ్లకు మైకులు పెట్టే తమ్ముడు, పదో తరగతి తప్పినవాడు, "సార్, ముందు డోళ్లు కొట్టించి చూద్దాం, జర తగ్గించుండ్రి" అన్నాడు. ఆయన వినలేదు. డోళ్లు ఒక్కసారి లేచేసరికి శబ్దం పగిలిపోయింది. మర్నాడు మళ్లీ మొదటినుంచి చెప్పించాల్సి వచ్చింది. ఈసారి 12 డెసిబెల్స్ తగ్గించారు. 24 బిట్ కాబట్టి తగ్గించినా రొద పెరగలేదు. నాబ్ తిప్పింది తమ్ముడే.