హీట్ పంపు మీద లాభం

ఇంటిని గ్యాసు నుంచి పూర్తిగా కరెంటుకు మార్చుకుంటే నెలవారీ ఖర్చు తగ్గుతుందని చెప్పేవారిని నేను చాలామందిని చూశాను గాని, మార్చుకున్నందుకు చేతికి లాభం కూడా మిగులుతుందని నమ్మిన మనిషిని మాత్రం ఒక్క మా బావగారినే చూశాను. అమెరికా వచ్చిన నాటి నుంచి తగ్గింపు లేకుండా ఏ వస్తువూ కొనకూడదన్న నియమాన్ని నిష్ఠగా పాటిస్తున్న ఆయనకు, 2022 ఆగస్టులో ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం పేరుతో వచ్చినది చట్టంగా కాక, కేంద్ర ప్రభుత్వం తన ఒక్కడి కోసం అచ్చువేయించిన కూపన్ల పుస్తకంగా కనిపించింది.

ఆ చట్టం ప్రకారం డబ్బు రెండు దారుల్లో వచ్చేది. మొదటిది రాష్ట్రాలు నడిపే రిబేటు. గ్యాసు ఫర్నేసుకు బదులు కరెంటుతో ఇంటిని వెచ్చబరిచే హీట్ పంపుకు 8,000 డాలర్ల దాకా, ఇంటికంతటికీ కరెంటును పంచే బ్రేకర్ల ప్యానెల్‌కు 4,000, వైరింగుకు 2,500, హీట్ పంపు వాటర్ హీటరుకు 1,750, కరెంటు పొయ్యికి 840 ఇస్తారు. రెండవది పన్నులో ఇచ్చే క్రెడిట్. అయిన ఖర్చులో 30 శాతం, హీట్ పంపులకైతే ఏడాదికి 2,000 డాలర్లు మించకుండా, ప్యానెల్‌కైతే 600 మించకుండా పన్నులోంచి తగ్గించేవారు. ఈ రెండు దారులూ చేరని చోటికి అప్పు అనే మూడవ దారి ఉంటుంది, దానికి ఏ చట్టమూ అక్కరలేదు.

బావగారు వీటన్నింటినీ ఒక ఎక్సెల్ పట్టికలోకి ఎక్కించారు. రిబేట్లన్నీ కూడితే 17,090 డాలర్లు తేలింది. ఒక ఇంటికి మొత్తం 14,000 మించి ఇవ్వరన్న వాక్యం కింది పేజీలో ఉండటం వల్ల అది ఆయన కంట పడటానికి కొంత కాలం పట్టింది. 2,000 డాలర్ల పరిమితి హీట్ పంపుకూ వాటర్ హీటరుకూ వేర్వేరుగా కాదు, రెండింటికీ కలిపి ఒక్కటేనన్నది ఇంకా ఆలస్యంగా తెలిసింది. రిబేటు సొమ్మును ముందు ధరలోంచి తీసివేసి, మిగిలినదాని మీదనే 30 శాతం లెక్కకట్టాలన్న సంగతి చెప్పినది నేనే కావటం వల్ల, ఆ నిబంధన నేను రాసినదే అన్నట్టుగా ఆయన కొన్నాళ్ళు నాతో ముభావంగా ఉన్నారు. అయినా ఆ సవరణలన్నీ జరగకముందు పట్టికలోని చివరి గడిలో మైనస్ గుర్తుతో కూడిన ఒక అంకె ఉండేదనీ, దాని అర్థం ఇల్లు బాగుచేసుకున్నందుకు ప్రభుత్వమే తనకు ఎదురు చెల్లించటమనీ ఆయన ఈనాటికీ అందరికీ చెబుతారు.

క్రెడిట్ పరిమితి ఏటా జనవరిలో మళ్ళీ మొదలయ్యేది కనుక, యంత్రాలన్నీ ఒకేసారి పెట్టుకోవటం తెలివితక్కువ అని ఆయన తేల్చారు. ఒక ఏడు హీట్ పంపు, మరుసటి ఏడు వాటర్ హీటరు, ఆ పై ఏడు కిటికీలు అనుకుంటూ, చట్టంలో గడువు 2032 దాకా ఉంది కదా అన్న ధీమాతో తాపీగా ఒక ప్రణాళిక వేశారు. లెక్క ప్రకారం అది మంచి ప్రణాళికే. అయితే 2025 జూలై 4న, మేమందరం వాళ్ళ పెరట్లో చేరి మొక్కజొన్న పొత్తులు కాల్చుకుంటున్న సాయంత్రం, కొత్త చట్టం మీద సంతకం పడింది. 2025 డిసెంబరు 31 తరువాత వాడుకలోకి వచ్చే యంత్రాలకు ఈ క్రెడిట్ వర్తించదని అందులో ఉంది. ఊరంతా అమెరికా స్వాతంత్ర్య దినపు బాణాసంచా మోగుతుంటే బావగారు లోపలికి వెళ్ళి, ఏడేళ్ళ ప్రణాళికను ఆరు నెలలకు కుదించటం మొదలుపెట్టారు.

ఆ రోజే కాంట్రాక్టరును పిలిచి ఉంటే ఈ వ్యాసానికి పని ఉండేది కాదు. కాని రిబేటుకు ఒక షరతు ఉంది. ముందు దరఖాస్తు పెట్టి, మంజూరు అయ్యాకే పని మొదలుపెట్టాలి, అయిపోయిన పనికి ఇవ్వరు. క్రెడిట్‌కేమో పని త్వరగా అయిపోవాలి. ఒకరు ఆగమంటారు, మరొకరు పరుగెత్తమంటారు. ఈ రెండు నిబంధనలు రాసినవారు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదని నా అనుమానం. 8,000 పెద్దదా, 2,000 పెద్దదా అన్న ప్రశ్న వేసుకున్న బావగారు ఆగటానికే మొగ్గుచూపారు.

రిబేటుకు ఆదాయ పరిమితి కూడా ఉంది. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 150 శాతం కన్నా తక్కువ ఉన్న కుటుంబానికే అది వస్తుంది. బావగారి ఆదాయం ఆ గీతకు ఇవతలా అవతలా కాకుండా సరిగ్గా గీత మీద నిలబడి ఉంది. అయితే కుటుంబ సభ్యుల సంఖ్య పెరిగే కొద్దీ ఆ గీత కూడా పైకి జరుగుతుందని ఆయన కనిపెట్టారు. మా అమ్మ అక్టోబరులో సందర్శకుల వీసా మీద ఆరు నెలలకని వచ్చి అప్పటికి వారం కూడా కాలేదు. ఆమె సామాను ఇంకా పూర్తిగా విప్పనేలేదు.

“అత్తయ్యగారూ, మీరు ఈ ఇంట్లో సభ్యులే కదా?” అని ఆయన ఎంతో ఆప్యాయంగా అడిగారు.

అల్లుడి నోట ఇన్నేళ్ళకు ఇంత మాట విన్న మా అమ్మకు కళ్ళు చెమర్చాయి. ఆ ఆప్యాయత ఒక దరఖాస్తులోని గడి కోసమని తెలిశాక ఆమె కళ్ళజోడు సవరించుకుని, “పెట్టె మోయటానికి వచ్చినప్పుడు మాత్రం చుట్టాన్ని అన్నారే!” అని లోపలికి వెళ్ళిపోయింది. రిబేటు కార్యాలయంలోని వ్యక్తి మరింత మర్యాదగా, ఆ పెద్దావిడ గత ఏడాది మీ పన్ను రిటర్నులో ఉన్నారా అని ఒకే ఒక ప్రశ్న వేసి ఫోను పెట్టేశారు.

థ్యాంక్స్‌గివింగ్ సెలవుల ముందు తిరస్కార పత్రం వచ్చింది. మీ కుటుంబ ఆదాయం నిర్దేశించిన స్థాయిని మించి ఉన్నదని అందులో రాశారు. ఒక మనిషి ధనవంతుడని ఒక ప్రభుత్వ కార్యాలయం రాతపూర్వకంగా ధ్రువీకరించినప్పుడు అతడు అంత విచారంగా కూర్చోవటం నేను అంతకు ముందు చూడలేదు. “ఈ కాగితం మా పెళ్ళిచూపులనాడు చూపించి ఉంటే నాన్న ఎంత సంతోషించేవారో!” అని అక్క దాన్ని ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అతికించింది.

ఇక మిగిలినవి పన్ను క్రెడిట్, కరెంటు కంపెనీ విడిగా ఇచ్చే చిన్న రిబేటు, అప్పు. దేశంలోని మధ్యతరగతి అంతా అదే డిసెంబరు 31 వైపు పరుగెత్తుతున్నందువల్ల కాంట్రాక్టర్లు ఫోను ఎత్తటమే గగనమైంది. ఎత్తిన ఒక్కడు ఇంటికి వచ్చి, హీట్ పంపు 16,000 డాలర్లని, డబ్బు ఇప్పుడు లేకపోయినా 2.99 శాతం వడ్డీకి అప్పు అప్పటికప్పుడే తన టాబ్లెట్‌లో ఇప్పిస్తానని చెప్పాడు. బ్యాంకులు అంతకు రెట్టింపు అడుగుతున్న రోజుల్లో ఈ వడ్డీ బావగారికి అమృతంలా వినిపించింది. అయితే టాబ్లెట్‌లో సంతకం చేయబోయే చోట ధర 19,200 అని ఉంది.

“ఇది వేరే ఏదో ఇంటిది అయి ఉంటుంది,” అన్నారు బావగారు.

“మీదేనండీ, అప్పు తీసుకుంటే ధర అంతే,” అన్నాడతను. తక్కువ వడ్డీకి అప్పు ఇచ్చే సంస్థ ఆ తగ్గించిన వడ్డీని ముందే డీలరు ఫీజు పేరుతో కాంట్రాక్టరు దగ్గర తీసుకుంటుంది, కాంట్రాక్టరు దాన్ని ధరలో కలుపుతాడు. సోలార్ అప్పుల్లో ఈ ఫీజు నగదు ధరను 30 శాతం దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పెంచుతోందని వినియోగదారుల ఆర్థిక పరిరక్షణ సంస్థ 2024లోనే హెచ్చరించింది. హీట్ పంపుల వాళ్ళు ఆ విద్యను పక్కింటి నుంచే నేర్చుకున్నారన్నమాట. బావగారు బ్యాంకుకు వెళ్ళి ఎక్కువ వడ్డీకి, తక్కువ అసలుకు అప్పు తెచ్చుకున్నారు. ఈ మొత్తం వ్యవహారంలో ఆయన తీసుకున్న నిర్ణయాల్లో మెచ్చుకోదగినది ఇదొక్కటే కనుక దీన్ని ప్రత్యేకంగా చెబుతున్నాను.

డిసెంబరు మొదట్లో పాత గ్యాసు ఫర్నేసును ఊడదీసి తీసుకుపోయారు. హీట్ పంపును బిగించారు గాని దానికి కరెంటు ఇవ్వటానికి వీలు కాలేదు. ఎందుకంటే ఇంట్లో ఉన్నది 100 ఆంపుల పాత ప్యానెల్. దాన్ని 200 ఆంపులకు మార్చాలి, మార్చే ముందు కరెంటు కంపెనీ వచ్చి వీధి నుంచి వచ్చే తీగను విడదీయాలి, మార్చాక నగరం ఇన్‌స్పెక్టరు చూడాలి, ఆయన సరేనన్నాక కంపెనీ మళ్ళీ రావాలి. ఆ ప్యానెల్ మూత తీసి నేను కూడా చూశాను. బ్రేకర్ల పక్కన ఇంతకు ముందున్న యజమాని పెన్సిలుతో రాసిన పేర్లు ఉన్నాయి. ఒకదాని పక్కన “డ్రయర్” అనీ, ఇంకొకదాని పక్కన “డ్రయర్ కావచ్చు” అనీ, మూడవదాని పక్కన ఉత్త ప్రశ్నార్థకమూ ఉన్నాయి.

ఆ మధ్యకాలంలో ఇల్లు వెచ్చబడటానికి గదికొక చిన్న హీటరు తెచ్చారు. రెండు హీటర్లు పెట్టి మైక్రోవేవ్ వేస్తే ఆ ప్రశ్నార్థకపు బ్రేకరు పడిపోయేది. దానితో ఎవరు ఏ గంటకు దేన్ని వాడాలో బావగారు ఒక పట్టిక వేసి ఫ్రిజ్ మీద, ధనవంతుల ధ్రువపత్రం పక్కనే అంటించారు. “మా ఊళ్ళో కోత ఎప్పుడో లైన్‌మాన్ అయినా చెప్పేవాడు, ఇక్కడ అల్లుడుగారే కోత వేస్తున్నారు,” అని మా అమ్మ శాలువా కప్పుకుని భారతదేశానికి ఫోను చేసి అందరికీ చెప్పింది.

ఇండక్షన్ పొయ్యి కూడా అప్పుడే వచ్చింది. పన్ను క్రెడిట్ జాబితాలో పొయ్యి లేదు, దానికి ఉన్నది రిబేటు ఒక్కటే, అదేమో రాలేదు. అంటే అది పూర్తిగా సొంత సొమ్ము. అడుగున అయస్కాంతం అంటుకునే గిన్నెలతో తప్ప ఆ పొయ్యి వెలగదు కనుక, అక్క ఫ్రిజ్ మీది అయస్కాంతాన్ని పీకి అలమరలోని గిన్నెలన్నింటినీ పరీక్షించింది. అల్యూమినియం కుక్కర్లు, ఇత్తడి గిన్నె, అమ్మ ప్రేమగా మోసుకొచ్చిన రాగి అడుగు పాత్ర అన్నీ తప్పాయి. ఒక్క ఇనుప దోసె పెనం, ఒక జల్లెడ నెగ్గాయి.

డిసెంబరు ఆఖరు వారంలో, గడువుకు కాస్త ముందు, కరెంటు వచ్చింది, హీట్ పంపు తిరిగింది, ఇల్లు వెచ్చబడింది. యంత్రం విషయంలో అన్యాయంగా మాట్లాడకూడదు. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్న వేడినే లోపలికి మోసుకొస్తుంది, అందువల్ల తిన్న కరెంటుకు రెండు మూడింతల వేడి ఇస్తుంది. అది తన పని తాను చేసింది, కాగితాలే చేయలేదు. కరెంటు కంపెనీ రిబేటు దరఖాస్తులో, బయటి యంత్రమూ లోపలి యంత్రమూ కలిసి పరీక్ష నెగ్గిన జతకు ఇచ్చే ఏహెచ్‌ఆర్‌ఐ సంఖ్య అడిగారు. బావగారు మంచులో మోకాళ్ళ మీద కూర్చుని, ఫోను దీపం వెలుగులో బయటి యంత్రపు రేకు మీది మోడల్ సంఖ్యను ఒక్కొక్క అక్షరమే పైకి చదువుతుంటే, నేను కాంట్రాక్టరు ముందు ధర రాసి ఇచ్చిన కాగితంతో సరిచూశాను. చివరి అక్షరం దాకా సరిపోయింది. చివరి అక్షరం సరిపోలేదు.

“అసలుది స్టాకులో లేదండీ, ఇదీ అలాంటిదే,” అన్నాడు కాంట్రాక్టరు. వెచ్చదనంలో అలాంటిదే. కాని ఆ ఒక్క అక్షరం తేడాతో అది ఆ ఏడాదికి నిర్దేశించిన అత్యున్నత సామర్థ్య శ్రేణి నుంచి ఒక మెట్టు కిందికి దిగిపోయింది. ఆ మెట్టు మీద కంపెనీ రిబేటూ లేదు, పన్ను క్రెడిట్టూ లేదు. మారుద్దామంటే మిగిలినవి రెండు రోజులు.

ఇక అర్హత ఉన్నవి, వాటితో పాటే పెట్టించిన హీట్ పంపు వాటర్ హీటరూ, ప్యానెలూ. వాటర్ హీటరు 4,200 డాలర్లు, అందులో కంపెనీ ఇచ్చిన 700 తీసేస్తే 3,500, దానిలో 30 శాతం 1,050. ప్యానెల్‌కు ఎంత ఖర్చయినా 600. మొత్తం 1,650. ఆ వాటర్ హీటరు కూడా చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగి నీళ్ళకు ఇస్తుంది కనుక, పాత గ్యాసు హీటరు ఉన్నప్పుడు వెచ్చగా ఉండే ఆ చిన్న గది ఇప్పుడు చల్లగా మారిపోయింది. దోసెల పిండి పులియటానికి అక్క ఇన్నేళ్ళుగా గిన్నె పెట్టే చోటు అదే. “పిండికి రావలసిన వేడి కూడా నీళ్ళకే పెట్టారా, అల్లుడుగారూ?” అని అమ్మ అడిగిన నాటి నుంచి, పిండి గిన్నె కొత్త పొయ్యి ఓవెన్‌లో, లోపలి దీపం వేసి పెడుతున్నారు.

ఏప్రిల్‌లో ఈ క్రెడిట్ కోసం ఉన్న 5695 ఫారం నింపి రిటర్ను పూర్తి చేశారు. బావగారు 1,650 డాలర్ల చెక్కు ఇంటికి వస్తుందని ఎదురుచూశారు. క్రెడిట్ అంటే కట్టవలసిన పన్నులో తగ్గింపే తప్ప చేతికి ఇచ్చే సొమ్ము కాదు. ఆ ఏడు ఆయన జీతంలో కోత తక్కువ పడి 1,900 బాకీ తేలింది. అందువల్ల ఆయనే కూర్చుని పన్నుల శాఖ అయిన ఐఆర్ఎస్‌కు 250 డాలర్ల చెక్కు రాశారు.

“వాళ్ళు మనకు ఇస్తారన్నారు కదా, మనమెందుకు రాస్తున్నాం?” అని అమ్మ అమాయకంగానే అడిగింది. బావగారు ఒక కాగితం తీసుకుని, రిబేటుకూ క్రెడిట్‌కూ ఉన్న తేడా దగ్గర నుంచి మొదలుపెట్టి, బొమ్మలు గీస్తూ, 2022 నుంచి వరసగా వివరించసాగారు. ఆయన 2025 జూలై దాకా వచ్చేసరికి ఓవెన్‌లోని పిండి పొంగి, గిన్నె అంచు దాటి, తలుపు సందులోంచి కొత్త టైల్స్ మీదికి కారటం మొదలైంది.