అరటిపండు తినొచ్చా అనే ప్రశ్నలోనే ఉంది చిక్కు

షుగర్ ఉందని తెలిసిన రోజు నుంచి మనిషి అడిగే ప్రశ్నలన్నీ ఒకే అచ్చులో ఉంటాయి. అరటిపండు తినొచ్చా? బంగాళదుంప తినొచ్చా? తేనె అయితే పరవాలేదా? జవాబు చెప్పేవాళ్లకు కొదవ లేదు. డాక్టరు రెండు నిమిషాల్లో చెప్పేది ఒకటి, చుట్టాలు చెప్పేది ఇంకొకటి, వాట్సాప్‌లో తిరిగేది మరొకటి. అన్నీ కలిసి చివరికి రెండు జాబితాలుగా తేలతాయి: తినదగినవి, తినకూడనివి. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల గ్లూకోజు సగటును చూపే రక్తపరీక్ష) చేయిస్తే అంకె దిగి ఉండదు. ‘అన్నీ మానేశాను కదా’ అని ఆ మనిషి వాపోతాడు. ‘చాటుగా ఏదో తింటున్నాడు’ అని ఇంట్లోవాళ్లు అనుమానిస్తారు. చాలాసార్లు తప్పు ఆ మనిషిది కాదు, జాబితాది.

పంచదార సంగతే చూడండి. తిన్నది రక్తంలో గ్లూకోజును ఎంత పెంచుతుందో చెప్పే గ్లైసిమిక్ ఇండెక్స్ అనే కొలతను 1981లో టొరంటో విశ్వవిద్యాలయంలో డేవిడ్ జెంకిన్స్ బృందం ప్రతిపాదించింది. మామూలుగా 50 గ్రాముల పిండిపదార్థం వచ్చేంత ఆహారం తినిపించి, రెండు గంటల పాటు రక్తాన్ని పరీక్షించి, అంతే గ్లూకోజు తాగినప్పటి ఫలితంతో పోలుస్తారు. గ్లూకోజుకు 100 ఇస్తే, 55 వరకు వచ్చినవి తక్కువ రకం, 70 నుంచి పైన ఉన్నవి ఎక్కువ రకం. ఈ లెక్కలో పంచదార 65 దగ్గర ఆగితే తెల్ల బ్రెడ్డు 75 దాకా పోతుంది. పంచదారలో సగమే గ్లూకోజు, మిగతా సగం ఫ్రక్టోజు. ఫ్రక్టోజు చాలావరకు ముందు కాలేయానికి పోతుంది కాబట్టి వెంటనే రక్తపరీక్షలో కనిపించదు. బ్రెడ్డులోని పిండి అలా కాదు, అరిగిందంటే మొత్తం గ్లూకోజే.

పంచదార మంచిదని చెప్పడానికి కాదు ఇదంతా. తీపి ఒక్కటే శత్రువనుకుని, నాలుకకు తియ్యగా తగలని ప్రతిదాన్నీ ధైర్యంగా తినడం ఎంత పొరపాటో చూపడానికి. ‘షుగర్ ఫ్రీ’ బిస్కెట్ల వ్యాపారం నిలబడింది ఈ పొరపాటు మీదే. ప్యాకెట్ ముందు పెద్దక్షరాలు చదివితే చాలదు. వెనక్కి తిప్పి ‘చక్కెరలు’ అన్న వరుసను దాటి, ‘మొత్తం కార్బోహైడ్రేట్లు’, అంటే పిండిపదార్థాలు, అన్న వరుస చూడాలి. ఆ అంకె ఎన్ని బిస్కెట్లకు ఇచ్చారో కూడా చూడాలి. తేనె, ముదురురంగు చక్కెర విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. అవీ చక్కెరలే.

అలాగని గ్లైసిమిక్ ఇండెక్స్ పట్టికను గోడకు అంటించుకుంటే పని జరుగుతుందా? అదీ ఇంకో జాబితాయే. ఎక్కువగా వాడుకలో ఉన్న పట్టికల్లో పుచ్చకాయ అంకె 70 దాటి ఉంటుంది. అది చూసి పుచ్చకాయ మానేసినవాళ్లు ఎందరో. కానీ 100 గ్రాముల ముక్కలో పిండిపదార్థం ఎనిమిది గ్రాములు దాటదు. పరీక్షకు కావలసిన 50 గ్రాములు రావాలంటే ఒకే విడతలో 600 గ్రాములకు పైగా తినాలి! మరోవైపు ఐస్‌క్రీమ్‌లో కొవ్వు ఉంటుంది, కొవ్వు అరుగుదలను నెమ్మది చేస్తుంది, కాబట్టి ఐస్‌క్రీమ్ అంకె బుద్ధిమంతుడిలా కింద కూర్చుంటుంది. 50 గ్రాముల పిండిపదార్థంతో తేల్చిన అంకెకు మనం నిజంగా ఎంత తింటున్నామో తెలియదు. అందుకే తర్వాత గ్లైసిమిక్ లోడ్ అనే రెండో లెక్క వచ్చింది. ఇండెక్స్‌ను తినే ముక్కలోని పిండిపదార్థంతో గుణించి వందతో భాగిస్తే వచ్చేది అది. మన 100 గ్రాముల పుచ్చకాయ ముక్కకు అది ఆరు లోపే. పది వరకు తక్కువ కిందే లెక్క.

పరిమాణం తర్వాత చూడాల్సింది తోడు. ఒంటరిగా తిన్న పిండిపదార్థం ఒకలా, కూరగాయలతో, పప్పుధాన్యాలతో, గుడ్డుతో, చేపతో కలిసి వచ్చినది ఇంకోలా ప్రవర్తిస్తుంది. పండు కొరికి తింటే పీచు అడ్డుపడుతుంది, రసం తీస్తే ఆ అడ్డు పోతుంది. పైగా ఒక గ్లాసులోకి మూడు నాలుగు పండ్లు దూరతాయి. వరుస కూడా తేడా తెస్తుంది. న్యూయార్క్‌లోని వైల్ కోర్నెల్ పరిశోధకులు 2015లో టైప్ 2 షుగర్ ఉన్న 11 మందికి ఒకే భోజనాన్ని రెండు వరుసల్లో పెట్టి చూశారు. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని బ్రెడ్డు, రసం చివర్లో తీసుకున్న రోజు, గంట తర్వాత గ్లూకోజు సుమారు 37 శాతం తక్కువ. పదకొండు మంది చిన్న సంఖ్యే. కానీ పైసా ఖర్చు లేని, ఏదీ మాన్పించని ఇలాంటి సలహా జాబితాలో ఎప్పుడూ ఉండదు, అదీ నా ఫిర్యాదు.

ఇక తినే మనిషి. 2015లోనే ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ 800 మందికి వారం పాటు గ్లూకోజు సెన్సర్లు పెట్టి గమనించింది. ఒకే ఆహారం ఒకరిలో గ్లూకోజును ఎగదోస్తే ఇంకొకరిలో దాదాపు కదిలించలేదు. పక్కింటాయన అరటిపండు కథ మనకు పనికిరాదన్నమాట. పనికొచ్చేది గ్లూకోమీటర్. మొదటి ముద్దకు ముందు ఒకసారి, రెండు గంటల తర్వాత ఇంకోసారి చూసి, పక్కన ఏం తిన్నదీ ఎంత తిన్నదీ రాసుకోవాలి. చాలామంది పెద్దవాళ్లకు తిన్న తర్వాతి లక్ష్యం 180 మిల్లీగ్రాముల లోపు. మరుసటి రోజు ఒక్కటే మార్చి మళ్లీ చూడాలి. పొద్దున్నే పరగడుపున మాత్రమే పరీక్షించుకునేవాళ్లకు భోజనం గురించి మీటర్ చెప్పగలిగింది దాదాపు ఏమీ లేదు.

బరువు ఎక్కువ ఉన్నవాళ్ల విషయంలో ఏ పదార్థమన్నదానికంటే మొత్తం ఎంతన్నదే పెద్ద ప్రశ్న కావచ్చు. బ్రిటన్‌లో ‘డైరెక్ట్’ పరీక్షలో, షుగర్ వచ్చి ఆరేళ్లు దాటని, ఇన్సులిన్ వాడని టైప్ 2 వాళ్లకు మూడు నుంచి ఐదు నెలల పాటు రోజుకు సుమారు 850 క్యాలరీలే ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి 46 శాతం మందిలో మందులు లేకుండానే హెచ్‌బీఏ1సీ షుగర్ గీత కిందికి దిగింది. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవాళ్లలో అది 86 శాతం. రెండేళ్లకు మొత్తం మీద 36 శాతానికి తగ్గిందన్న సంగతీ చెప్పాలి, ఎందుకంటే ‘షుగర్ మాయం’ అని వీడియోలు పెట్టేవాళ్లు ఆ సగం వదిలేస్తారు. ఆ పరీక్ష వైద్య పర్యవేక్షణలో, మొదటిరోజే షుగర్, బీపీ మందులు ఆపి జరిగింది. మందులు అలాగే మింగుతూ ఇంట్లో చేసుకునే ఉపవాసం కాదది.

మందు మారితే భోజనం లెక్కా మారుతుంది. జాబితాలు అన్నిటికన్నా ఘోరంగా విఫలమయ్యేది ఇక్కడే. మెట్‌ఫార్మిన్ మాత్రమే వేసుకునేవాళ్లు ఒకపూట ఆలస్యంగా తింటే సాధారణంగా ప్రమాదం లేదు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు అదే చేస్తే గ్లూకోజు పడిపోవచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ రకం మందులతో పిండిపదార్థాలు పూర్తిగా మానేస్తే, మీటర్‌లో అంకె మామూలుగా ఉంటూనే కీటోన్లు (ఒళ్లు కొవ్వును కరిగించినప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకర స్థాయికి చేరవచ్చు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకు మాంసకృత్తుల మోతాదు, కొందరికి పొటాషియం ఉన్న పండ్ల ఎంపిక కూడా వేరు.

గ్లూకోజు 70 కిందికి పడితే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, మాట తడబడుతుంది. అప్పుడు 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. చాక్లెట్ వద్దు, అందులో కొవ్వు ఆలస్యం చేస్తుంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ లాంటివాటికి తోడు అకార్బోజ్ అనే షుగర్ మాత్రలు కూడా వేసుకునేవాళ్లకు పంచదార సైతం త్వరగా పనిచేయదు, ఎందుకంటే పంచదారను విడగొట్టే ఎంజైమ్‌నే ఆ మాత్ర ఆపుతుంది. వాళ్ల సంచిలో గ్లూకోజే ఉండాలి, అది ఏ అరలో ఉందో ఇంట్లో ఇంకొకరికి తెలిసి ఉండాలి.