రిలే నేర్పిన చేత్తోనే వార్త

పొద్దున గ్రౌండులో ఆడపిల్లలకు రిలే నేర్పి, సాయంత్రం అవే పోటీల వార్త రాస్తూ జీవితమంతా గడిపిన ఒక మహిళా కోచ్ గురించి ఈ నాలుగు మాటలు. అదెంత పనో చెప్పాలి. నలుగురు తలా వంద మీటర్లు పరిగెత్తే 4×100 రిలేలో, బ్యాటన్ అనే చిన్న గొట్టాన్ని ఒకరి నుంచి ఒకరు అందుకోవాల్సిన జోన్ 30 మీటర్లు. అందుకునే అమ్మాయి జోన్ మొదలు నుంచి వెనక్కి 20-25 పాదాలు కొలిచి టేపు అంటించుకుంటుంది. వచ్చే అమ్మాయి ఆ టేపు దాటగానే వెనక్కి చూడకుండా పరుగందుకోవాలి. తొందరపడిందా, బ్యాటన్ జోన్ బయట చేతులు మారి జట్టంతా డిస్‌క్వాలిఫై. ఆలస్యమైతే ఇద్దరూ గుద్దుకుంటారు. అందుకే ఆ టేపును ఒక్కో పాదం అటూ ఇటూ జరిపి చూస్తూ వారాలు గడపాలి, ఎంత ఓపికండీ!

పైగా జోన్‌లో చూసేది బ్యాటన్ ఎక్కడుందనే, కాళ్లు ఎక్కడున్నాయని కాదు. ఇది తెలియని విలేకరి "అన్యాయంగా తప్పించారు" అని రాసేస్తాడు. టైమింగూ అంతే. చేత్తో నొక్కే స్టాప్‌వాచ్‌లో 12.43 సెకన్లు వస్తే పైకి సవరించి 12.5 అనే వేయాలి, చుక్క తర్వాత రెండంకెలు ఎలక్ట్రానిక్ టైమింగుకే. వాచీ నొక్కాల్సింది కూడా పరుగు మొదలుపెట్టే తుపాకీ పొగ చూసి, శబ్దం విని కాదు. కోచింగ్ చేసిన మనిషి రాస్తే వార్తలో ఇలాంటివి తప్పిపోవు. ఆమెకు మనస్ఫూర్తిగా నమస్కారం.