బొటనవేలికి ఐఎస్‌ఐ మార్కు ఇవ్వాల్సిందే

ప్రభుత్వం వారికి మా నెల్లూరు జిల్లా తరఫున ఒకటే డిమాండు. మా మెకానిక్కుల బొటనవేలికీ దాని పక్కనున్న చూపుడువేలికీ కలిపి వెంటనే ఐఎస్‌ఐ మార్కు ఇచ్చేయాల. కావాలంటే ఎలక్షన్ సిరాతోనే వేయండి, మాకేం అభ్యంతరం లేదు. ఈ జిల్లాలో ఇంజన్ ఆయిల్ బతికుందా చచ్చిందా అని తేల్చేది ఆ రెండు వేళ్ళే. డిప్‌స్టిక్ బయటికి లాగుతారు, చివరున్న చుక్కని రెండు వేళ్ళ మధ్య పెట్టి మెల్లంగా రుద్దుతారు, కళ్ళు సగం మూసి ఒకసారి పైకి చూస్తారు, "జిగురు పోయింది నా" అనో "ఇంకో రెండు వేల కిలోమీటర్లు తిరగొచ్చు నా" అనో ఒక మాట అనేస్తారు, అంతే, దాని మీద హైకోర్టుకి పోయినా అప్పీలు లేదు.

ఈ సౌకర్యం లేని అమెరికా వాళ్ళు పాపం ఎస్‌ఏఈ అని ఒక సంఘం పెట్టుకోని, జే300 అని ఆయిల్ చిక్కదనానికి ఒక టేబులు రాసుకోని, ఆయిల్‌ని 100 డిగ్రీల దగ్గర ఒకసారి కొలిచి, మళ్ళీ 150 డిగ్రీల దగ్గర నలిపి నలిపి ఇంకోసారి కొలుస్తా కూర్చున్నారు. మన వేలి వేడి మహా అయితే 37 డిగ్రీలే గదా, అక్కడ తెలిసేది ఇంజన్ లోపల ఎట్టా పనికొస్తుంది అని ఎవరన్నా అడిగితే వాడికి పెద్దలంటే గౌరవం లేదని అర్థం.

ఇక టర్బో. ఇదేమంత పెద్ద విషయం కాదు లెండి. సైలెన్సర్‌లోకి పోయే పొగ దారిలో ఒక చక్రాన్ని తిప్పుద్ది, అదే ఇరుసుకి అవతలి చివరున్న ఇంకో చక్రం గాలిని ఇంజన్‌లోకి కుక్కుద్ది. ఆ ఇరుసు నిమిషానికి లక్షన్నర, రెండు లక్షల చుట్లు తిరుగుద్ది, పెట్రోల్ బండ్లలో ఆ పొగ వేడి 900 డిగ్రీల దాకా పోద్ది, ఇరుసు బేరింగుకి తగలకుండా తేలేది వెంట్రుక మందం కూడా లేని ఆయిల్ పొర మీద. ఇంత సున్నితమైన వ్యవహారం గాబట్టే, దాంట్లో ఏ ఆయిల్ పోయాలో తేల్చే బాధ్యతని మనోళ్ళు బావమరిదికి అప్పజెప్తారు.

బావమరిదికి రొయ్యల చెరువు ఉంటుంది. చెరువు కాడ కరెంటు పోతే ఏరేటర్లు తిప్పడానికి డీజిల్ జనరేటర్ ఉంటుంది. ఆ జనరేటర్ కోసం తెచ్చిన 15డబ్ల్యూ-40 అనే చిక్కటి ఆయిల్ బకెట్‌లో ఎప్పుడూ నాలుగు లీటర్లు మిగిలే ఉంటుంది.

"మాన్యువల్లో 5డబ్ల్యూ-30 అని ఉండాది బావా."

"అది నీళ్ళు బావా. మన ఎండలకి నిలబడుద్దా? మా కాడ చిక్కంది ఉండాది, పట్టకపో."

ఈ చిక్కదనం సిద్ధాంతం మన రక్తంలో ఉంది, చేపల పులుసు పల్చగా ఉంటే ఇంటికొచ్చిన చుట్టం మొహం మీదే చెప్పిపోయే ఊరు ఇది, ఇక ఇంజన్‌ని వదుల్తామా. దరిద్రం ఏందంటే ఇంజన్‌కి పులుసు తెలీదు. మే నెలలో మనం 44 డిగ్రీలకి మాడిపోతా ఉంటే, ఆయిల్ లెక్కలో అది ఇంకా చలికాలమే. 40 డిగ్రీల దగ్గర 5డబ్ల్యూ-30 కూడా 100 డిగ్రీల దగ్గర ఉన్నదానికన్నా ఐదారు రెట్లు చిక్కగా ఉంటుంది, పొద్దున్నే బండి స్టార్ట్ చేసినప్పుడు అది టర్బో దాకా పాకాల. మనం అంత ఓపిక పట్టకుండా తాళం తిప్పంగానే రయ్ రయ్ మని రెండు రేజులు ఇస్తాం, పక్కింటోళ్ళకి కొత్త కారు సంగతి తెలియాల గదా.

ఇంకోటి కూడా చెప్పుకోవాల. చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్లకి ఒక రోగం ఉంది, ఐదో గేర్లో పదిహేనొందల ఆర్‌పీఎమ్ మీద యాక్సిలరేటర్ అదిమితే స్పార్క్ పడకముందే లోపల అంటుకోని దబ్‌మని కొట్టుద్ది, ముదిరితే పిస్టన్ పగుల్తుంది. ఆయిల్లో కాల్షియం డిటర్జెంటు ఎక్కువుంటే ఈ రోగం ఎక్కువని తేల్చి, ఏపీఐ అనే అమెరికా పెట్రోలియం సంస్థ వాళ్ళు 2018లో ఎస్‌ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ అని గ్రేడులు తెచ్చారు. జనరేటర్ ఆయిల్లో ఆ కాల్షియం దండిగా ఉంటుంది. కాల్షియం ఎముకలకి బలం గదా, పిస్టన్‌కి ఎందుకు కాదంట అని బావమరిది అడిగితే నా దగ్గర జవాబు లేదు.

డీజిల్ కారోళ్ళ ఆనందం వేరే. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 వచ్చింది, దాంతోపాటు పొగలో మసిని పట్టే ఫిల్టర్ డీపీఎఫ్ వచ్చింది, ఆ మసిని కాల్చుకోడానికి ఇంజన్ అప్పుడప్పుడూ అదనంగా డీజిల్ చిమ్ముకుంటది. మాగుంట లేఅవుట్ నుంచి ట్రంకు రోడ్డుకి, ట్రంకు రోడ్డు నుంచి ఇంటికి, ఇదే తిరుగుడైతే ఆ పని సగంలో ఆగిపోయి కాలని డీజిల్ కిందకి జారి ఆయిల్లో కలుస్తది. డిప్‌స్టిక్ తీసి చూస్తే లెవెల్ పెరిగి ఉంటుంది. ఓనర్ ఆ రోజు స్వీట్లు పంచుతాడు, "చుక్క తాగలేదు సామీ, పైగా పెరిగింది, బండి లక్ష్మీదేవి!" డీపీఎఫ్ ఉన్న బండికి బూడిద తక్కువొచ్చే ఆయిల్, సీ2 గ్రేడనో సీ3 గ్రేడనో మాన్యువల్లో రాసింది పోయాల, ఎందుకంటే మసి కాల్తది గానీ ఆయిల్ బూడిద కాలదు, ఫిల్టర్లోనే కూర్చుంటది. కానీ లక్ష్మీదేవికి మాన్యువల్ చూపిస్తామా ఏంది.

ఆ మాన్యువల్ ఉండేది డ్యాష్‌బోర్డ్ అరలో, ఆర్‌సీ జిరాక్సు కింద, ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా. దాంట్లో వెనకెక్కడో సివియర్ కండిషన్స్ అని ఒక పేజీ ఉంటుంది: దుమ్ము, ఎండ, చిన్న చిన్న దూరాలు, గంటలకొద్దీ ఐడ్లింగు. ఎక్కడో కొరియాలో కూర్చున్న ఇంజనీరు ఒంగోలు నుంచి చీమకుర్తి గ్రానైట్ లారీల వెనక పోయే మన బతుకుని, పట్టుచీరల షాపు ముందు ఏసీ ఆన్‌లో పెట్టుకోని కూర్చునే మొగుళ్ళని ఇంత కరెక్ట్‌గా ఎట్టా చూశాడో తెలీదు. అట్టా తిరిగే బండికి పదివేల కిలోమీటర్లకి మార్చాల్సింది ఐదువేలకే మార్చమంటాడు. మన ఊరిని సివియర్ అంటాడా అని పౌరుషం వచ్చి మనోళ్ళు పదిహేను వేలకి మారుస్తారు, ఫిల్టర్ని మాత్రం "బాగానే ఉండాది, తుడిచి పెట్టబ్బయ్యా" అంటారు.

కావలి దాటాక హోటల్ కాడ చూడండి. ఒంగోల్లో యాక్సిలరేటర్ మీద పెట్టిన కాలు తీయకుండా హైవే మీద నూటిరవైలో వచ్చినోడు, చక్రాలు పూర్తిగా ఆగకముందే తాళం తీసేస్తాడు. టర్బో ఇంకా నిప్పులా ఉంది, ఆయిల్ పంపు ఆగిపోయింది, లోపల మిగిలింది అక్కడే మాడి బొగ్గు పెంకు కడతది. ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచయ్యా అంటే పెట్రోలు రేటు చెప్తాడు. ఆ నిమిషానికి కాలేది రూపాయో రూపాయిన్నరో. టర్బో మార్చాలంటే కొన్ని కార్లకి లక్ష దాకా అవుద్ది, అది వేరే పద్దు, అది విధి.

పాత ఆయిల్ విషయంలో మాత్రం మనంత జాగ్రత్తపరులు ఎవరూ ఉండరు. షెడ్డులో నిలబడి ఆఖరి చుక్క దాకా కార్పిస్తారు, కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోనే గరాటు పెట్టి పోయిస్తారు, మూత బిగించి డిక్కీలో నిలబెడతారు. చెద పట్టిన దూలాలకి, సెంట్రింగు రేకులకి, గేటు బందులకి ఇంట్లో దానికోసం క్యూ.

ఇట్టా రెండేళ్ళు గడిచినాక బండి ముందు నుంచి సన్నంగా ఈల మొదలవుద్ది, వెనక కాస్త నీలం పొగ. ఓనర్ భయపడి బావమరిదిని పిలుస్తాడు. ఆయన బానెట్ ఎత్తి, చెవి పెట్టి, చాలాసేపు విని, మొహం వెలిగిపోతా అంటాడు, "ఏం సౌండ్ బావా, జెట్ విమానం! నేను పోసిన ఆయిల్ ఇప్పుడు పట్టింది. ఈసారి ఇంకాస్త చిక్కంది పోద్దాం."